వత్తు, తర్సీమా – రెండు లిపులు, ఒకే సమస్య

మన వార్షిక సంచికకు రెండు ముఖాలు ఉన్నవి. ఒకవైపు నుండి తెరిస్తే ఉర్దూ విభాగం, మరొకవైపు నుండి తెరిస్తే తెలుగు విభాగం. నడుమ ఎక్కడో రెండూ కలుసుకుంటాయి. చూడటానికి ఇది ముచ్చటైన ఏర్పాటే. కాని ఆ కలయిక కుట్టుదారం వల్ల జరుగుతున్నదే గాని అక్షరం వల్ల జరగటం లేదు. ఉర్దూ పుటలు ఒకచోట, ఒక పద్ధతిలో కూర్చబడతాయి. తెలుగు పుటలు మరొకచోట, వేరొక పద్ధతిలో కూర్చబడతాయి. తెలుగు వ్యాసంలో ఒక ఉర్దూ మాటను దాని సొంత లిపిలో ఉదహరించవలసి వస్తే, ఆ మాటను బొమ్మగా తీసి అతికించవలసి వస్తుంది. ఉర్దూ వ్యాసంలో తెలుగు మాటకూ అదే గతి. ఈ శ్రమకు జంకి రచయితలు ఉదాహరణనే వదలివేస్తున్నారు. ఇందుకు కారణం మన లిపుల క్లిష్టత అని చాలామంది భావిస్తున్నారు. కారణం లిపులలో లేదని, మనం వాడుతున్న సాధనాలలో ఉన్నదని, వాటిని మార్చుకొనే అవకాశం నేడు పూర్తిగా మన చేతిలోనే ఉన్నదని నా దృఢాభిప్రాయం. దానిని విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం ముందు ఉంచటానికే ఈ వ్యాసం.

ముందుగా సమస్య స్వరూపాన్ని తెలుసుకొనవలెను. ఆంగ్లలిపిలో అక్షరాలు ఒకదాని ప్రక్కన ఒకటి విడివిడిగా నిలబడతాయి. మన రెండు లిపులలో అక్షరం ఒంటరిగా నిలబడదు. పొరుగు అక్షరాన్ని బట్టి రూపం మార్చుకొంటుంది. తెలుగులో హల్లు మీద హల్లు చేరితే రెండవది వత్తుగా మారి క్రిందికి దిగుతుంది. ‘రాష్ట్రం’ అనే మాటను కంప్యూటరు లోపల ఎనిమిది సంకేతాలుగా వ్రాయవలసి ఉంటుంది. కంటికి కనిపించేవి మాత్రం రెండే అక్షరాలు. ఉర్దూలో ‘ముహమ్మద్’ అనే పేరుకు మీమ్, హే, మీమ్, దాల్ అనే నాలుగు అక్షరాలు కావలెను. నస్తాలీక్ లిపిలో ఆ నాలుగూ అల్లుకొని ఒకే ఆకృతిగా, ఏటవాలుగా కుడి నుండి ఎడమకు జారుతూ దిగుతాయి. ఇట్టి ముడిపడిన ఆకృతిని ఆంగ్లంలో లిగేచర్ అని, ఉర్దూలో తర్సీమా అని అంటారు. మన సంయుక్తాక్షరం దానికి దగ్గరి బంధువు.

రెండవ విషయం అక్షరాల మధ్య ఎడం. పూర్వం సీసపు దిమ్మల కాలంలో, అక్షరపు అంచు తన దిమ్మ హద్దును దాటి బయటకు పొడుచుకొని వచ్చిన భాగాన్ని కెర్న్ అనేవారు. ప్రక్క అక్షరం మీదికి ఒరిగే ఆ అంచు తేలికగా విరిగిపోయేది. నేడు దిమ్మలు లేవు గాని, ఏ రెండు అక్షరాల మధ్య ఎంత ఎడం ఉండవలెనో సర్దే పనికి కెర్నింగ్ అనే పేరు నిలిచిపోయినది. ఇది కేవలం అలంకారం కోసం చేసే పని కాదు. ‘హైదరాబాద్’ అని ఉర్దూలో వ్రాస్తే అది ఐదు తునకలుగా వస్తుంది. ఎందుకనగా దాల్, రే, అలిఫ్ అనే అక్షరాలు తమ తరువాతి అక్షరంతో కలవవు. ఆ తునకల మధ్య ఎడం కన్న మాటకూ మాటకూ మధ్య ఎడం ఎక్కువ ఉండవలెను. లేకుంటే ఒక మాట రెండుగానూ, రెండు మాటలు ఒకటిగానూ చదవబడతాయి. తెలుగులో ‘సభ్యత్వం’ అన్నప్పుడు కుడివైపుకు సాగిన యకారపు వత్తు, ఆ వెంటనే వచ్చే వకారపు వత్తు ఒకదానినొకటి తాకకూడదు. తాకకూడదని మరీ ఎడం పెడితే మాట విరిగినట్లు కనబడుతుంది. పైవరుస వత్తులు క్రిందివరుస గుడులను ఢీకొనకుండా చూచుకొనటం మరొక చిక్కు.

ఈ చిక్కును మన రెండు భాషల అచ్చుపని రెండు భిన్నమార్గాలలో ఎదుర్కొన్నది. ఆదివారంనాడు ఆబిడ్స్ కాలిబాటల మీద పరచిన పాత పుస్తకాలను చూచినవారికి ఈ భేదం వెంటనే తెలుస్తుంది. పాత తెలుగు పుస్తకం సీసపు అక్షరాలతో కూర్చబడి ఉంటుంది. దాని ప్రక్కనే ఉన్న పాత ఉర్దూ పుస్తకం ఒక కాతిబు చేతివ్రాతకు అచ్చు రూపం. తెలుగులో వత్తు ప్రధానాక్షరం నుండి విడదీయటానికి వీలైనది. కావున దానిని వేరొక చిన్న దిమ్మగా పోతపోసి, అక్షరానికి క్రిందనో ప్రక్కనో పేర్చటం సాధ్యమైనది. జర్మనీలోని హాలే నగరంలో 1746 ప్రాంతంలోనే బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను అచ్చు వేయించాడు. 1854లో మద్రాసులో వెలసిన వావిళ్లవారి ముద్రణాలయం మొదలుకొని, సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదు నుండి ప్రారంభించిన గోలకొండ పత్రిక వరకు తెలుగు వాఙ్మయం ఆ దిమ్మల మీదుగానే నడచి వచ్చినది.

నస్తాలీక్ అట్లా విడిపోదు. అందులో ‘బే’ అనే అక్షరం మాట మొదట ఒక రూపంలో, నడుమ ఒక రూపంలో, చివర ఒక రూపంలో ఉండటంతో తృప్తిపడదు. తన తరువాత వచ్చేది జీమ్ అయితే ఒక తీరుగా, రే అయితే మరొక తీరుగా, మీమ్ అయితే ఇంకొక తీరుగా వంగుతుంది. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల ఆధ్వర్యంలో నస్తాలీక్ దిమ్మలు పోతపోసి పుస్తకాలు అచ్చువేశారు. కాని పాఠకుల కంటికి అవి ఆనలేదు. ఇంతలో రాతి అచ్చు అనగా లిథోగ్రఫీ వచ్చినది. కాతిబు వ్రాసినది వ్రాసినట్లు అచ్చు వేయగల ఆ సాధనాన్ని ఉర్దూ ప్రపంచం ఆదరంతో స్వీకరించినది. 1858లో లక్నోలో స్థాపితమైన నవల్ కిశోర్ ముద్రణాలయం దానితోనే పేరు పొందినది. మన నగరంలో ఛత్తా బజారు కాతిబులకు, అచ్చుపనికి నిలయమైనది. 1949లో వెలువడి, ఆబిడ్స్ జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు నుండి నడుస్తున్న సియాసత్ వంటి దినపత్రికలు దశాబ్దాల తరబడి ఖుష్‌నవీసుల కలం మీదనే ఆధారపడినవి. మద్రాసులో 1927లో ప్రారంభమైన ‘ముసల్మాన్’ పత్రిక ఈ శతాబ్దంలో కూడా చేతివ్రాతతో వెలువడి లోకాన్ని ఆశ్చర్యపరచినది.

ఈ విధంగా ఒకే నగరంలో, ఒకే వీధిలో రెండు భాషలు రెండు వేరు వేరు పరిశ్రమలుగా ఎదిగినవి. కంపోజిటరుకు కాతిబు పని తెలియదు. కాతిబుకు కంపోజిటరు పని తెలియదు. మన సంచిక రెండు ముఖాలకు మూలం ఇక్కడే ఉన్నది.

కంప్యూటరు వచ్చిన తరువాత ఇద్దరి పనీ ఒకే బల్ల మీదికి చేరినది. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే లిపికారుడు దాదాపు ఇరవై వేల తర్సీమాలను సిద్ధపరచి, మోనోటైప్ సంస్థ యంత్రానికి ఎక్కించే మహాకార్యాన్ని సాధించాడు. తన తండ్రి పేరుమీద దానికి నూరీ నస్తాలీక్ అని నామకరణం చేశాడు. జంగ్ దినపత్రిక దానిని మొదట వాడినది. ఆ తర్సీమాలనే ఆధారం చేసుకొని 1994లో ఢిల్లీ నుండి ఇన్‌పేజ్ వెలువడినది. అది ఉర్దూ ప్రచురణ రంగాన్ని అనతికాలంలోనే మార్చివేసినది. తెలుగులో అను, శ్రీలిపి వంటి సాధనాలు వచ్చి వీధి వీధినా డి.టి.పి. కేంద్రాలు వెలిసినవి. ఇవన్నీ తమ కాలానికి గొప్ప సేవ చేసినవి. ఆ సేవను తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత.

కాని వాటి పద్ధతిని గమనించవలెను. ఆనాటి తెలుగు ఫాంటులో ఉన్నవి 256 గదులు. అవి మొదట ఆంగ్లాక్షరాల కోసం ఏర్పడినవి. మన 35 హల్లులకు 35 వత్తులు చేర్చి చూస్తే 1225 జంటలు అవుతాయి. ఒక్కొక్క జంటకు 12 గుణింత రూపాలు లెక్కిస్తే 14,700 అవుతాయి. ఇవన్నీ వాడుకలో లేకపోయినా, ఉన్నవాటికే ఆ గదులు చాలవు. కావున తలకట్టును ఒక గదిలో, కొమ్మును ఒక గదిలో, వత్తును ఒక గదిలో తునకలుగా దాచి, అవసరమైనప్పుడు అతికించేవారు. ఒక ఫాంటులో ఏ తునక ఏ గదిలో ఉన్నదో మరొక ఫాంటుకు తెలియదు. అనగా తెరమీద మనకు ‘కళాశాల’ అని కనిపించినా, యంత్రం జ్ఞాపకంలో ఉన్నది తెలుగు కాదు. ఆంగ్ల అక్షరాల, చిహ్నాల అర్థంలేని వరుస. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఆ వరుసే బయటపడుతుంది. ఇన్‌పేజ్ పాత దస్త్రాలు కూడా తమ సొంత సంకేతాలలోనే ఉండేవి.

దీని ఫలితం ఏమిటి? మాట అచ్చులో బ్రతికినది గాని యంత్రంలో మరణించినది. పత్రిక కాగితం మీద అందంగా వచ్చినది. కాని ఆ వ్యాసాన్ని వెదకటం సాధ్యం కాదు. ఒక మాటను తీసి మరొకచోట వాడుకొనటం సాధ్యం కాదు. చూపులేని విద్యార్థికి యంత్రం చేత చదివించటం సాధ్యం కాదు. కొన్ని సంవత్సరాల క్రిందటి ఒక సంచిక దస్త్రాలను తిరిగి తెరవటానికి ఒక డి.టి.పి. కేంద్రంలో నేను ప్రయత్నించినప్పుడు, దస్త్రం ఉన్నది గాని ఆనాటి ఫాంటు ఆ యంత్రంలో లేదు. వ్యాసం వ్రాసిన విద్యార్థులు పట్టభద్రులై వెళ్లిపోయారు. వారి రచన ఇప్పుడు అల్మారాలోని కొన్ని ప్రతులలో తప్ప మరెక్కడా లేదు. చెదలకు కాగితం ఎంత ప్రియమో గ్రంథాలయాలు నడిపేవారికి చెప్పనక్కరలేదు.

ఈ స్థితికి పరిష్కారం చాలాకాలం క్రిందటే ఏర్పడినది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. ఉర్దూ అక్షరాలు అరబీ విభాగంలో చోటు పొందినవి. ఈ ప్రమాణంలోని సూత్రం సులభమైనది, లోతైనది కూడా. యంత్రం జ్ఞాపకంలో అక్షరం మాత్రమే ఉండవలెను. దాని ఆకృతి ఫాంటు చూచుకొనవలెను. ‘క్ష’ అనే రూపానికి వేరే సంకేతం లేదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు చాలు. నస్తాలీక్‌కు ఒకటి, నస్ఖ్‌కు ఒకటి అని వేరు వేరు సంకేతాలు లేవు. మీమ్ ఎక్కడైనా మీమే. వత్తు ఎక్కడ దిగవలెనో, తర్సీమా ఎట్లా ముడిపడవలెనో, ఎడం ఎంత ఉండవలెనో చెప్పే నియమాలు ఫాంటులోనే పొందుపరచి ఉంటాయి. మైక్రోసాఫ్ట్, అడోబీ సంస్థలు కలసి 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతి ఇందుకు మార్గం చూపినది. ఒకే పంక్తిలో ఎడమ నుండి కుడికి తెలుగు, కుడి నుండి ఎడమకు ఉర్దూ నడిపించే నియమాలు కూడా యూనికోడ్‌లో భాగమే.

ఇక్కడ మన విద్యార్థులు తప్పక తెలుసుకొనదగిన విశేషం ఒకటి ఉన్నది. ఫాంటులోని ఈ నియమాలను చదివి అక్షరాలను కూర్చే ప్రసిద్ధమైన ఉచిత సాధనం పేరు హర్ఫ్‌బజ్. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరానీ సంతతి నిపుణుడు దానిని అభివృద్ధిపరచాడు. ఫారసీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచినది. ఓపెన్‌టైప్ అనే మాటకు అది ఫారసీ అనువాదం. ఆండ్రాయిడ్ ఫోనులలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి వాటిలో అక్షరాలను కూర్చేది ఇదే. మీ చేతిలోని ఫోనులో తెలుగు వత్తును క్రిందికి దించేదీ, ఉర్దూ తర్సీమాను అల్లేదీ ఒకే సాధనం. కంపోజిటరూ కాతిబూ రెండు వందల సంవత్సరాలు వేరు వేరు గదులలో చేసిన పనిని అది ఒక్కటే చేస్తున్నది. ఇక మన సంచిక రెండు వేరు వేరు చోట్ల కూర్చబడటానికి సాంకేతికమైన కారణం ఏమి మిగిలినది?

ఇందుకు కొన్ని ఆక్షేపణలు రాగలవు. వాటిని న్యాయంగా పరిశీలించవలెను.

మొదటిది అందానికి సంబంధించినది. యూనికోడ్ ఫాంటులలో పాత నూరీ నస్తాలీక్ సొగసు లేదని ఉర్దూ మిత్రులు, వత్తులు సరిగా కూర్చోవని తెలుగు మిత్రులు అంటారు. ఒకప్పుడు ఇందులో నిజం ఉన్నది. కాని నేడు నూరీ శైలిలోనే జమీల్ నూరీ నస్తాలీక్ యూనికోడ్‌లో లభిస్తున్నది. గూగుల్ సంస్థ 2014లో నోటో నస్తాలీక్ ఉర్దూను ఉచితంగా విడుదల చేసినది. తెలుగులో తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంటులతో దారి చూపారు. పురుషోత్ కుమార్ గుత్తులగారు రూపొందించిన మండలి, రామభద్ర, సూరన్న మొదలైనవి ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును. లోపాలు లేవని అనను. తర్సీమాల జాబితా మీద ఆధారపడిన ఫాంటులో, జాబితాలో లేని ఊరిపేరు వచ్చినప్పుడు అతుకు కనబడుతుంది. నియమాల మీద ఆధారపడిన ఫాంటులో ఏ మాటైనా కూర్చవచ్చును గాని, కొన్నిచోట్ల చుక్కలు ఒకదానినొకటి తాకుతాయి. ఈ లోపాలు వాడేవారు చెబితేనే తీరుతాయి. వాడనివారి ఫిర్యాదు ఎవరికీ చేరదు.

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఇందుకు నిదర్శనం. జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనబడని ఒక విరామ సంకేతం, ఆపైన దీర్ఘం – ఈ వరుస ఎవరైనా పంపితే ఐఫోన్‌లోని సందేశాల సాధనాలు కుప్పకూలినవి. ప్రపంచంలోనే సంపన్నమైన సంస్థలలో ఒకటైన ఆపిల్, ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసి దానిని సరిదిద్దినది. లోకమంతా నవ్వుకొన్నది, ఒక తెలుగు అక్షరం ఫోనును పడగొట్టినదని పత్రికలు వ్రాసినవి. పడగొట్టినది మన అక్షరం కాదు. దానిని పూర్తిగా పరీక్షించని యంత్రం. జ్ఞానం అనే మాటలోని మొదటి అక్షరమే ఆ యంత్రానికి కొరుకుడు పడకపోవటం గమనించదగినది. ఒక లిపిలో నిత్యం వ్రాసేవారు వేలాదిగా ఉంటేనే అట్టి లోపాలు ముందుగా బయటపడతాయి. మన విద్యార్థులు ఆంగ్ల అక్షరాలలోనే తెలుగును, ఉర్దూను ఫోనులో వ్రాస్తూ పోతే, ఆ లోపాలను కనిపెట్టేవారెవరు?

రెండవ ఆక్షేపణ లిపిని సంస్కరించవలెనన్నది. వత్తులను విడదీసి ప్రక్కన వ్రాస్తే, ఉర్దూను నస్ఖ్‌లో వ్రాస్తే యంత్రానికి సులభం కదా అని కొందరు వాదిస్తారు. దీనికి సమాధానం మన పొరుగున కేరళలో దొరుకుతుంది. టైపురైటరు సౌకర్యం కోసం 1971లో మలయాళ లిపిని ప్రభుత్వం సంక్షిప్తం చేసినది. ఎన్నో సంయుక్తాక్షరాలను విడగొట్టినది. టైపురైటరు కొన్నేళ్లలో మూలపడినది. కంప్యూటరుకు ఆ సంక్షేపంతో పని లేకపోయినది. 1999లో రచన అనే ఉద్యమం పూర్వలిపిని కంప్యూటరు మీదికి తిరిగి తెచ్చినది. యంత్రం మారుతుంది, దానికోసం లిపిని కత్తిరించుకొంటే, యంత్రం పోయిన తరువాత కత్తిరింపు మాత్రం మిగులుతుంది. యంత్రమే లిపిని నేర్చుకొనవలెను.

యంత్రం నేర్చుకొంటున్నదనటానికి మన కళాశాలకు మరీ దగ్గరైన ఉదాహరణ ఉన్నది. ఉర్దూలో జీమ్ వేరు. జే, జాల్, జాద్, జో వేరు. తెలుగులో అన్నిటికీ ‘జ’ ఒక్కటే. జమీల్ అనే పేరు జీమ్‌తో మొదలవుతుంది, జమీర్ అనే పేరు జాద్‌తో మొదలవుతుంది. తెలుగు హాజరుపట్టీలో రెండూ ఒకే తీరుగా వ్రాయబడతాయి. ఇట్టి ధ్వనులను చూపటానికి అక్షరం క్రింద చుక్క పెట్టే పద్ధతి కొందరు పూర్వమే పాటించారు. 2021లో యూనికోడ్ 14వ ప్రమాణంలో తెలుగు నుక్తాకు ప్రత్యేక స్థానం లభించినది. పాత ఫాంటులలో ఈ చుక్క ఉండదు. కొత్తవాటిలో చేర్చమని అడగవలసినవారు ఎవరు? ఉర్దూ ఇంట పుట్టి తెలుగు బడిలో చదివిన మనకన్న అర్హులు మరెవరు?

మూడవ ఆక్షేపణ ఆచరణకు సంబంధించినది. డి.టి.పి. కేంద్రాలవారు పాత సాధనాలకే అలవాటుపడినారని, కొత్తదానికి ఒప్పుకొనరని అంటారు. వారి ఇబ్బంది నిజమైనదే. ఎన్నో కేంద్రాలలో వాడిన పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వచ్చినది. దానికి యూనికోడ్ తెలియదు. చేతికి పట్టుబడిన కీబోర్డును వదలి మరొకటి నేర్వటం జీవనోపాధితో ముడిపడిన విషయం. కాతిబులు ఉపాధి కోల్పోయిన నగరంలో మరొక వర్గాన్ని తృణీకరించి మాట్లాడరాదు. కాని అడిగేవాడు లేనిదే అమ్మేవాడు మారడు. కళాశాల అడిగితే నేర్చుకొనేవారు వస్తారు. పైగా ఇన్‌డిజైన్ కొత్త రూపాలలోనూ, ఖర్చు లేకుండా దొరికే లిబ్రెఆఫీసులోనూ రెండు లిపులూ సక్రమంగా కూర్చవచ్చును.

ఇదంతా ఎందుకు ముఖ్యమో ఒక్కమాట చెప్పవలెను. మన తరగతులలో ఉర్దూ మాతృభాషగా ఉండి ఉర్దూ లిపి చదవలేని విద్యార్థులు ఉన్నారు. ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగు అంగడి బోర్డును కూడబలుక్కొనే విద్యార్థులూ ఉన్నారు. వీరు ఒకే వరండాలో నిలబడి ఒకే మాట మాట్లాడుకొంటారు. సంచిక చేతికి వచ్చేసరికి తలా ఒకవైపు నుండి తెరచి, నడుమకు రాగానే ఆగిపోతారు. రైతు, హక్కు, ఖర్చు, కుర్చీ, కలం, దస్తావేజు, రాజీనామా – తెలుగువాడు తనవిగా భావించే ఈ మాటలు ఉర్దూ నుండి వచ్చినవి. ‘హక్కు’ అనే తెలుగు మాట ప్రక్కన దాని ఉర్దూ రూపం అదే పంక్తిలో కనబడితే, ఒక విద్యార్థి రెండు అక్షరాలు నేర్చుకొంటాడు. మరొక విద్యార్థి ఒక వత్తు నేర్చుకొంటాడు. మన రాష్ట్రంలో 2017లో ఉర్దూకు రెండవ అధికారభాష హోదా లభించినది. రెండు భాషలలోనూ తప్పు లేకుండా యంత్రం మీద వ్రాయగలవాడికి కార్యాలయాలలో, పత్రికలలో, అనువాదంలో పని ఉన్నది. అట్టివారిని తయారుచేయటానికి నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతం కన్న తగినచోటు ఏది? ఉర్దూ అకాడమీ నాంపల్లి హజ్ హౌస్‌లో ఉన్నది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం పబ్లిక్ గార్డెన్స్ వద్ద చాలాకాలం నడిచినది.

కావున కార్యవర్గం వారి పరిశీలనకు ఈ క్రింది సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాను. రానున్న సంచిక నుండి రెండు విభాగాలనూ యూనికోడ్‌లోనే కూర్చవలెను. అచ్చుపని అప్పగించేటప్పుడే, అచ్చుప్రతితోపాటు మూలపాఠాన్ని కూడా యూనికోడ్ దస్త్రంగా కళాశాలకు ఇవ్వవలెనని షరతు వ్రాసుకొనవలెను. అది అందిన తరువాతనే చివరి మొత్తం చెల్లించవలెను. తెలుగుకు ఒకటి, ఉర్దూకు ఒకటి ఉచిత ఫాంటును నిర్ణయించి, నస్తాలీక్ ఏటవాలుకు, తెలుగు వత్తులకు చాలినంతగా పంక్తుల మధ్య ఎడం ఇవ్వవలెను. కాగితం ఆదా కోసం వరుసలను ఇరికించరాదు. కంప్యూటరు ప్రయోగశాలలో వారానికి ఒక మధ్యాహ్నం రెండు లిపుల టైపింగు నేర్పవలెను. ఏడాదికొకసారి ఒక ఖుష్‌నవీసును ఆహ్వానించి కలం పట్టించవలెను. కలంతో వ్రాసి చూడనివానికి అక్షరం ఎక్కడ ఒరగవలెనో ఫాంటు చూచి తెలియదు. పాత సంచికలను ఏడాదికి ఒకటి చొప్పున విద్యార్థుల చేత తిరిగి టైపు చేయించవలెను. అన్నిటికన్న ముఖ్యంగా, రెండు విభాగాలు కలుసుకొనే నడిమి పుటలలో నాలుగింటిని ఉభయ విభాగాలకూ ఉమ్మడిగా కేటాయించి, ఒకే పుటలో రెండు లిపులూ ఉండే రచనలు ప్రచురించవలెను.

వీటిలో కొత్తగా కొనవలసిన వస్తువు ఏదీ లేదు. కావలసినది కొంత కాలం, కొంత పట్టుదల. విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే: ఈ రాత్రి మీ ఫోనులో తెలుగు కీబోర్డును, ఉర్దూ కీబోర్డును రెండింటినీ చేర్చుకొని, మీ పేరు రెండు లిపులలో వ్రాసి చూడండి. ఎక్కడ వత్తు తప్పినదో, ఎక్కడ చుక్క తాకినదో గుర్తుపెట్టుకొని తరగతికి తీసుకొని రండి. నాలుగు ఉమ్మడి పుటలకు వ్యాసాలు స్వీకరించే పనిలో పాలుపంచుకొనటానికి నేను సిద్ధంగా ఉన్నాను. సంచిక పనులు మొదలయ్యే లోపలే సంపాదకవర్గం, కార్యవర్గం కలసి కూర్చొని ఈ విషయంలో ఒక నిర్ణయం చేస్తారని ఆశిస్తున్నాను.